బానిసలు దక్కించుకున్న దేవుడు

గత నెల ఈ శీర్షికలో హెణ్ణూరు వైపు ఒక సందులో ఆదివారం పూట ప్రార్థన చేసుకునే ఆఫ్రికా విద్యార్థుల గురించి ఒక పాఠకుడి ఉత్తరం వేశాం. పైఅంతస్తు హాల్లో వాళ్ల పాటలు, డ్రమ్ముల మోత, పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా సాగే ఆరాధన చూసి ఆశ్చర్యపోయి ఆయన రాసిన ఉత్తరం అది. దాని మీద బెంగళూరులోని తెలుగువాళ్ల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి, కొన్ని మెచ్చుకుంటూ, కొన్ని కోపంగా, ఎక్కువ మాత్రం నిజంగా తెలుసుకోవాలని. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా టీమ్‌లోకి అట్లాంటా నుంచి ఒక నల్లజాతి సహోద్యోగి వచ్చాడు. తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. మొన్న లంచ్‌లో మావాడొకడు ఉండబట్టలేక, "మీ ముత్తాతల్ని కొని అమ్మినవాళ్ల మతం కదా ఇది, నువ్వెలా నమ్ముతున్నావు" అని అడిగేశాడు. అతను నవ్వి ఊరుకున్నాడు. అలా అడగడం తప్పా? అసలు జవాబేమిటి? (ఒక పాఠకుడు, మారతహళ్లి)

జవాబు: అడగడం తప్పు కాదు. పరిచయమైన కొత్తలో, పదిమంది ముందు, అన్నం దగ్గర అడగడం తప్పు. మీవాడు అదేదో తనకే తట్టినట్టు అడిగి ఉంటాడు గానీ, నల్లజాతి క్రైస్తవులు ఈ ప్రశ్నను రెండు వందల ఏళ్లకు పైగా వింటున్నారు, మనకంటే ముందు వాళ్లే తమను తాము అడుక్కున్నారు కూడా.

1935లో హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి బోధకుడు మన వైపు పర్యటనకు వచ్చాడు. కొలంబోలో లా కాలేజీలో మాట్లాడాక ఒకాయన ఆయన్ని పక్కకు తీసుకెళ్లి ఇదే అడిగాడు. మీ వాళ్లను ఓడల్లో తెచ్చింది క్రైస్తవులు, బానిసలుగా ఉంచింది క్రైస్తవులు, ఇప్పుడు గుంపుగా వచ్చి చెట్టుకు ఉరేసేదీ క్రైస్తవులే, అయినా నువ్వు ఆ మతం తరఫున ఇక్కడికి వచ్చావంటే ప్రపంచంలోని నల్లవాళ్లందరికీ ద్రోహం చేస్తున్నట్టే అన్నాడు. థర్మన్ నొచ్చుకోలేదు, తప్పించుకోలేదు. యేసు బతికిన బతుకు వేరు, ఆయన పేరు మీద రాజ్యాలు, చర్చిలు కట్టుకున్న మతం వేరు, నేను మొదటిదాని మనిషిని అని వివరంగా చెప్పాడు. యేసు రోమా సామ్రాజ్యం కింద నలిగిన ఒక పేద యూదుడు, ఆయన మాటలు గోడకు ఆనుకుని నిలబడి ఇక వెనక్కి పోవడానికి చోటు లేనివాళ్ల కోసం అని ఆయన తర్వాత జీవితమంతా చెబుతూ వచ్చాడు.

ఆ మాట ఆయనకు కాలేజీలో అబ్బింది కాదు, ఇంట్లోనే ఉంది. థర్మన్‌ను పెంచిన అమ్మమ్మ ఫ్లోరిడాలో బానిసగా పుట్టింది. ఆవిడకు చదువు రాదు. పిల్లవాడైన థర్మన్ రోజూ బైబిల్ చదివి వినిపించేవాడు. కీర్తనలు చదివించుకునేది, యెషయా చదివించుకునేది, సువార్తలు మళ్లీ మళ్లీ చదివించుకునేది. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన పత్రికలు, అంటే ఉత్తరాలు, మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు, అప్పుడప్పుడు ప్రేమ గురించి చెప్పే ఒక్క అధ్యాయం తప్ప. పెద్దయ్యాక ఎందుకని అడిగితే చెప్పింది. బానిసత్వం రోజుల్లో యజమాని తీసుకొచ్చే తెల్ల పాస్టరు ఎప్పుడొచ్చినా పౌలు రాసిన "దాసులారా, మీ యజమానులకు లోబడండి" మీదే ప్రసంగం చేసేవాడట. ఎప్పటికైనా స్వేచ్ఛ వస్తే, చదవడం వస్తే, ఆ భాగం చదవనని దేవుడికే మాటిచ్చిందట. అక్షరం రాని మనిషి బైబిల్లో తనకు ఏది కావాలో ఏది అక్కర్లేదో తేల్చుకుంది. ఆవిడను పట్టుకుని యజమాని మతాన్ని నమ్మింది అంటే నేను ఒప్పుకోను.

యజమానులకూ ఈ ప్రమాదం తెలుసు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ దీవుల బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిల్ అచ్చువేశారు. పాత నిబంధనలో దాదాపు పదో వంతే మిగిల్చారు, కొత్త నిబంధన సగం ఎగరగొట్టారు. మోషే తన జనాన్ని ఐగుప్తు దాస్యం నుంచి నడిపించుకుపోయే కథ తీసేశారు, యజమానికి లోబడమన్న మాట భద్రంగా ఉంచారు. బైబిల్ అంతా లోబడమనే చెప్పేదైతే అంత కత్తిరింపు ఎందుకండీ? అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలు రాత్రిపూట అడవిలో దొంగచాటుగా కూడేవారు, శబ్దం బయటికి పోకుండా ఇనుప కుండలు బోర్లించి, తడి దుప్పట్లు వేలాడదీసి. అక్కడ వాళ్లు పాడుకున్నది ఆ కత్తిరించేసిన ఐగుప్తు కథే. 1831లో వర్జీనియాలో బానిసల తిరుగుబాటు నడిపించిన నాట్ టర్నర్ బైబిల్ బోధకుడే. ఆ తర్వాత దక్షిణాన చాలాచోట్ల నల్లవాళ్లకు చదువు చెప్పడం మీద, తెల్లవాళ్లు పక్కన లేకుండా బోధించడం మీద చట్టాలు బిగించారు. బానిసల్ని తప్పించి స్వేచ్ఛ ఉన్న చోటికి దాటించిన హారియట్ టబ్‌మన్‌ను జనం పిలుచుకున్న పేరు మోషే.

ఇంకొక సంఘటన, ఇది ఫిలడెల్ఫియాలో, 18వ శతాబ్దం చివర్లో. మెథడిస్ట్ చర్చిలో అబ్సలోం జోన్స్ అనే నల్లజాతి మనిషి మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండగా, నీ చోటు ఇది కాదంటూ ఒక తెల్ల పెద్ద చెయ్యి పట్టి లేపబోయాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగండి, తర్వాత లేస్తాను, ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను అన్నాడు జోన్స్. ప్రార్థన అయింది, నల్లవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. అందులో ఒకడైన రిచర్డ్ అలెన్ 1794లో సొంత చర్చి తెరిచాడు, 1816లో అది ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి అనే స్వతంత్ర సంఘమైంది, ఇప్పటికీ ఉంది. వాళ్లు వెళ్లిపోయింది చర్చి నుంచే, దేవుడి దగ్గర్నుంచి కాదు. బానిసత్వం నుంచి పారిపోయిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా 1845లో తన జీవితకథ చివర, క్రీస్తు మతానికీ ఈ దేశంలో నడుస్తున్న మతానికీ పొంతనే లేదు, మొదటిదాన్ని ప్రేమిస్తాను కాబట్టే రెండోదాన్ని ద్వేషిస్తాను అన్న అర్థంలో రాశాడు.

పైగా క్రైస్తవం అంటే తెల్లవాళ్లదే అన్న లెక్క కూడా తప్పు. ఇథియోపియాలో ఎజానా రాజు క్రైస్తవుడైంది 4వ శతాబ్దంలో. ఇంగ్లీషువాళ్లను మార్చడానికి రోము నుంచి మిషనరీలు అక్కడికి చేరింది 597లో. మీ సహోద్యోగి నవ్వు వెనక ఇవన్నీ ఉన్నాయని నేను చెప్పలేను, అతని మనసు అతనిది. ఎప్పుడైనా ఇద్దరే టీ తాగుతున్నప్పుడు "మీ అమ్మమ్మ వాళ్ల చర్చి ఎలా ఉండేది" అని అడిగి చూడండి. అతనే చెబుతాడు.

ప్రశ్న: ఎంతయినా అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ చెప్పిందే కరెక్ట్ కదా? రెండో చెంప చూపించే మతం నల్లవాళ్లను మెత్తబరిచింది, ఇస్లాం వాళ్లను నిలబెట్టింది. మహమ్మద్ అలీయే దానికి సాక్ష్యం. (ఒక డిగ్రీ విద్యార్థి, యలహంక)

జవాబు: తమ్ముడూ, మాల్కం ఎక్స్ కోపం చాలావరకు న్యాయమైనదే, దాన్ని తక్కువ చేయను. బాప్టిస్ట్ బోధకుడి కొడుకు అతను. జైల్లో ఉండగా నేషన్ ఆఫ్ ఇస్లాం అనే నల్లజాతి ముస్లింల సంస్థ వైపు వచ్చాడు, యజమానులు అంటించిన ఇంటిపేరు వదిలేసి దాని స్థానంలో ఎక్స్ పెట్టుకున్నాడు. నల్లగా ఉండటం సిగ్గుపడాల్సిన సంగతి కాదు అని అంత నిక్కచ్చిగా చెప్పినవాళ్లు అప్పటికి తక్కువ. బాక్సర్ కాషియస్ క్లే 1964లో మహమ్మద్ అలీ అయ్యాడు, 1967లో వియత్నాం యుద్ధానికి రానని చెప్పి టైటిల్ పోగొట్టుకున్నాడు, మంచి వయసులో మూడేళ్లకు పైగా రింగుకు దూరమయ్యాడు, చివరికి 1971లో సుప్రీంకోర్టు అతని శిక్ష కొట్టేసింది. విశ్వాసం కోసం అంత వదులుకున్న మనిషిని గౌరవించకుండా ఎలా ఉంటాం.

కానీ నువ్వు మాల్కంను సగంలో ఆపేశావు. అతను 1964 మార్చిలో నేషన్ ఆఫ్ ఇస్లాం నుంచి బయటికొచ్చాడు, ఆ వసంతంలోనే హజ్‌కు వెళ్లాడు. తెల్లవాళ్లంతా పుట్టుకతోనే దయ్యాలు అని అంతవరకు బోధించినవాడు, మక్కాలో తెల్లతోలు ముస్లింలతో ఒకే పళ్లెంలో తిన్నానని, తన ఆలోచనలు సర్దుకోవాల్సి వచ్చిందని ఉత్తరాలు రాశాడు. 1965 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో సభలో కాల్చి చంపేశారు, వయసు 39. అందరి ముందూ తన నమ్మకాన్ని రెండుసార్లు మార్చుకోగలిగిన ధైర్యం అది, నాకు అతనిలో అన్నిటికంటే అదే పెద్దదనిపిస్తుంది.

ఇక ఏ మతం చేతులు శుభ్రంగా ఉన్నాయి అన్న పోటీ పెడితే ఎవరూ గెలవరు. ఆఫ్రికా నుంచి అమెరికాకు తెచ్చిన బానిసల్లో ముస్లింలు కూడా ఉన్నారు, ఉమర్ ఇబ్న్ సయ్యద్ అనే ఆయన నార్త్ కరోలినాలో బానిసగా ఉంటూనే 1831లో అరబ్బీలో తన జీవితకథ రాశాడు. ఇంకోవైపు అరబ్ వ్యాపారులు తూర్పు ఆఫ్రికా మనుషుల్ని శతాబ్దాల పాటు అమ్మారు. మన దక్కనులో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించిన మాలిక్ అంబర్ అలా ఇథియోపియా నుంచి చేతులు మారి వచ్చినవాడే.

మెత్తబరిచింది అన్న మాట దగ్గర మాత్రం గట్టిగా విభేదిస్తాను. అమెరికాలోని మాంట్‌గోమరీలో రంగు వివక్ష పాటించే బస్సులెక్కకుండా 381 రోజులు కాలినడకన ఉద్యోగాలకు వెళ్లిన ఆడవాళ్లు, పనిమనుషులు, వంటవాళ్లు ప్రతివారం మీటింగు పెట్టుకున్నది చర్చిల్లో. ఆ బలం తెలుసు కాబట్టే అవతలివాళ్లు బాంబులు చర్చిల్లో పెట్టారు. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లో ఒక బాప్టిస్ట్ చర్చిలో నలుగురు ఆడపిల్లలు అలాగే చనిపోయారు. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్‌లో బైబిల్ స్టడీలో కూర్చున్న తొమ్మిదిమందిని ఒక తెల్లజాతి దురహంకారి కాల్చేస్తే, రెండురోజులకే కోర్టులో కొందరు కుటుంబసభ్యులు నిన్ను క్షమిస్తున్నాం అన్నారు. ఆ క్షమ ముందు నాకు నోట మాట రాదు. అదే సమయంలో, ప్రతిసారీ క్షమించే పని మాకే ఎందుకు అప్పగిస్తారు అని అడిగిన నల్లజాతి క్రైస్తవులు కూడా ఉన్నారు, వాళ్ల మాటా చెవిన పెట్టాలి.

ప్రశ్న: మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ నల్లజాతి చర్చిల్లో ఇప్పుడు పెద్దవాళ్లే కనిపిస్తున్నారు, కుర్రకారు పోవడం లేదు అంటాడు. ఇక ఆ విశ్వాసం పని అయిపోయినట్టేనా? (ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: తగ్గిన మాట నిజం. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2021లో ప్రకటించిన సర్వేలో నల్లజాతి అమెరికన్ వయోజనుల్లో సుమారు 21 శాతం తమకు ఏ మతమూ లేదన్నారు, కుర్రవాళ్లలో ఆ శాతం ఇంకా ఎక్కువ. అయితే మతం లేదన్నవాళ్లలో కూడా అత్యధికులు దేవుణ్నో ఏదో పైశక్తినో నమ్ముతామనే చెప్పారు. నల్లవాళ్ల ప్రాణాలకు విలువ కోరుతూ 2013లో మొదలైన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమాన్ని నడిపింది పాస్టర్లు కాదు, యువతులు. చర్చి గడప తొక్కకుండా న్యాయం కోసం నిలబడటం ఇప్పటి పిల్లలకు కొత్తేమీ కాదు.

దీనికి చర్చిలే కొంత కారణం. జెరీనా లీ అనే ఆవిడ బోధించడానికి అనుమతి అడిగితే రిచర్డ్ అలెన్ మొదట కాదని, 1819లో ఒప్పుకున్నాడు. అదే సంఘంలో మొదటి మహిళా బిషప్ వచ్చింది 2000లో. పీటలన్నీ ఆడవాళ్లతో నిండి, వేదిక మీద మాత్రం మగవాళ్లే ఉంటే ఎంతకాలమని కూర్చుంటారు? నా లెక్కలో వెళ్లిపోయిన పిల్లలందరూ విశ్వాసం పోగొట్టుకున్నవాళ్లు కాదు.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె, నాలుగో తరం బాప్టిస్టులం. ఇక్కడ ఆఫీసులో "బియ్యం కోసం మారారు" అని నవ్వుతూనే అంటారు. అంబేద్కర్ స్టడీ సర్కిల్‌లోని స్నేహితులేమో, ఆ మతంలో నీకేం న్యాయం జరిగింది, బయటికి రా అంటారు. నల్లజాతి క్రైస్తవుల గురించి చదివినప్పుడల్లా నా కథే అనిపిస్తుంది, మళ్లీ కాదేమో అనిపిస్తుంది. నేనేమిటో నాకే టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు ఆ బియ్యం మాట. మీ వైపు 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ, జనానికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మట్టి తవ్వి, తట్టలు మోసి, కూలి డబ్బుతో బతికారు మీవాళ్లు, ఊరికే ఎవరూ పెట్టలేదు. ఆ కరువు సాగినంతకాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదనే. కరువు సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆఫీసులో ఈసారి ఎవరైనా ఆ మాటంటే ఈ సంగతి చెప్పండి, చెప్పే ఓపిక లేకపోతే చెప్పకండి, ప్రతిసారీ రుజువు చూపించే బాధ్యత మీది కాదు.

ఇంకోటి, యేసు మాట ఊరూరికీ తీసుకెళ్లింది ప్రధానంగా దొరలు కాదు. యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు. పేరయ్య మాదిగ, తోలు పని చేసినవాడు, అంతకుముందు గురువు దగ్గర యోగమార్గంలో వెతుకులాడినవాడు. వెతుకుతూ వెతుకుతూ ఇక్కడికి చేరినవాడు. మీ ముత్తాత తరంవాళ్లను ఎవరో చెయ్యి పట్టి లాక్కెళ్లినట్టు చెప్పడంలో, వాళ్లకు సొంత బుద్ధి లేదన్న చిన్నచూపు ఉంది. అమెరికాలో నల్లవాళ్ల మీద కూడా సరిగ్గా ఇదే చిన్నచూపు.

మీ స్నేహితుల మాటలో నిజం లేకపోలేదు. చర్చిలోకి వచ్చినా కులం గుమ్మం దగ్గర ఆగలేదు, బల్లలు వేరు, కొన్నిచోట్ల సమాధులు కూడా వేరు, పెళ్లి సంబంధాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. అంటరానితనం మతం మారగానే రాత్రికి రాత్రి మాయమైపోతుందని అనుకునే చట్టం ఇది, ఊళ్లో ఉన్నవాళ్లెవరూ అలా అనుకోరు. ఇక్కడే మీ కథ అమెరికా కథ నుంచి విడిపోతుంది. అక్కడ ఏ చర్చికి వెళ్లినా, వెళ్లకపోయినా, మనిషి నల్లజాతివాడే, కాగితాల్లో కూడా. ఇక్కడ మీరు ఏ దేవుడికి దండం పెడితే మీ పుట్టుక ఏమిటో ప్రభుత్వం అది చూసి చెబుతుంది. నా అభిప్రాయంలో అది అన్యాయం, నేరుగానే అంటున్నాను.

కలిసే చోట్లు కూడా గట్టివే. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డు బాయిస్‌కు ఉత్తరం రాశాడు, అంటరానివాళ్ల స్థితికీ నీగ్రోల స్థితికీ ఎంతో పోలిక ఉందని, ఆయన జవాబిచ్చాడు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ ఇక్కడికి వచ్చినప్పుడు కేరళలో దళిత పిల్లలు చదివే ఒక స్కూల్లో ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అని పరిచయం చేశాడు. ఆ మాటకు మొదట ఉలిక్కిపడ్డానని, కొంత ఆగి ఆలోచిస్తే అవును, నేనూ అంటరానివాడినే అనిపించిందని కింగ్ తర్వాత తన చర్చిలో చెప్పుకున్నాడు. 1969లో జేమ్స్ కోన్ అనే నల్లజాతి వేదాంతి, దేవుడు అణగారినవాళ్ల పక్షాన, నల్లవాళ్ల పక్షాన ఉన్నాడని రాసి అమెరికా వేదాంత విద్యను ఒక కుదుపు కుదిపాడు. 1981లో మీరుంటున్న ఈ బెంగళూరులోనే, బెన్సన్ టౌన్ దగ్గరున్న యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో, అరవింద్ నిర్మల్ శూద్రుల, దళితుల అనుభవం నుంచి వేదాంతం మొదలవ్వాలని ప్రసంగించాడు. దళిత వేదాంతం అని ఇప్పుడు పిలిచేదానికి అది తొలి అడుగుల్లో ఒకటి. వైట్‌ఫీల్డ్ నుంచి అక్కడికి మెట్రో దిగి ఆటో ఎక్కితే చాలు, వీలున్నప్పుడు వెళ్లి లైబ్రరీ వాళ్లను అడగండి.

మన జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గబ్బిలం చేత శివుడికి తన గోడు చెప్పించాడు. అటువాళ్లూ ఇటువాళ్లూ ఆయన్ని ఆక్షేపించారు. ఆయన రాయడం మానలేదు. మీరు బాప్టిస్టుగా ఉండండి, అంబేద్కర్ సర్కిల్‌కూ వెళ్లండి. రెండింట్లో ఒకటి వదిలితే తప్ప మీరు పూర్తి మనిషి కాదని ఎవరైనా అంటే, ఆ తీర్పు చెప్పే హక్కు వాళ్లకు ఎవరిచ్చారో అడగండి.

ప్రశ్న: యల్లాపుర వైపు ట్రిప్‌కు వెళ్తే ఆఫ్రికా వాళ్లలా ఉన్నవాళ్లు చక్కగా కన్నడం మాట్లాడుతూ కనిపించారు. వాళ్లది ఏ మతం? (ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్)

జవాబు: వాళ్లు సిద్ధీలు, ఆఫ్రికా వాళ్లలా ఉన్నవాళ్లు కాదు, కర్ణాటక వాళ్లు. గోవా పోర్చుగీసువాళ్ల దగ్గర బానిసత్వం నుంచి తప్పించుకుని ఉత్తర కన్నడ అడవుల్లోకి వచ్చి నిలదొక్కుకున్నవాళ్ల వారసులు చాలామంది. వాళ్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. పూర్వీకుల్ని కొలవడం, డమామి వాయించి ఆడటం మాత్రం ఈ గీతలకు లోబడవు. ఉత్తర కన్నడ సిద్ధీలకు 2003లో ఎస్టీ హోదా వచ్చింది, 2020లో శాంతారాం సిద్ధి శాసనమండలికి నామినేట్ అయ్యారు. మన హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, అది నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే, అక్కడి మర్ఫా బాజా పెళ్లిళ్లలో విని ఉంటారు. ఈసారి వెళ్తే ఫోను తీసి ఫొటోలు కొట్టేముందు పలకరించండి.

ప్రశ్న: మా బిల్డింగు పై హాలు నైజీరియా, కాంగో పిల్లల ప్రార్థనకు అద్దెకిచ్చాం. డబ్బు టైముకు ఇస్తారు, నా దగ్గర మర్యాదగానే ఉంటారు. ఇరుగుపొరుగు మాత్రం ఖాళీ చేయించమని ఒకటే పోరు. వాళ్లది అసలు భక్తేనా, ఆ అరుపులేమిటి అంటున్నారు. (ఒక ఇంటి యజమానురాలు, కొత్తనూరు)

జవాబు: సౌండ్ ఎక్కువగా ఉంటే సౌండ్ గురించి మాట్లాడండి. స్పీకర్లు తగ్గించమనండి, కిటికీలు మూయమనండి, టైము రాసుకోండి. పండగ పందిట్లో మైకులకు మనం ఏ రూలు పెడతామో అదే రూలు. అంతకు మించి రంగు గురించి, దేశం గురించి ఎవరైనా మాట్లాడితే అక్కడే ఆపేయండి. 2016 జనవరి చివర్లో ఇదే ఊళ్లో, ఒక సూడాన్ విద్యార్థి కారు ఒక మహిళ ప్రాణం తీసిందన్న కోపంతో, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని టాంజానియా అమ్మాయి మీద జనం పడ్డారు. ఇరుగుపొరుగు పోరు అంతదాకా ఎలా పోతుందో మనం చూశాం.

భక్తేనా అన్నదానికి ఒక సంగతి చెబుతాను. విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడు, తల్లిదండ్రులు బానిసలుగా పుట్టినవాళ్లు, ఒక కన్ను పోయినవాడు. హ్యూస్టన్‌లో ఒక తెల్ల బోధకుడి బైబిల్ క్లాసుకు వెళ్తే, నల్లవాడిని తెల్లవాళ్ల మధ్య కూర్చోబెట్టడం కుదరదన్నారు. బయట హాల్లో కూర్చుని, తెరిచిన తలుపులోంచి పాఠం విన్నాడు. తర్వాత, 1906లో, లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధిలో ఒక పాత షెడ్డులాంటి భవనంలో అతను నడిపిన కూటాల్లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్లు పక్కపక్కనే మోకరించారు. ఆ రోజుల్లో అమెరికాలో అది ఊహించలేని దృశ్యం. ఇవాళ ప్రపంచమంతా ఉన్న పెంతెకొస్తు సంఘాలు ఆ కూటాలను తమ మూలాల్లో ఒకటిగా చెప్పుకుంటాయి. భారతదేశంలో దానికి సొంత ఊటలు కూడా ఉన్నాయి, పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో 1905లోనే ఉజ్జీవం, అంటే భక్తి ఉప్పెన, వచ్చింది. మన గుంటూరు, విజయవాడ సందుల్లో చప్పట్లు కొట్టి, కన్నీళ్లు పెట్టుకుని, గొంతెత్తి చేసే ప్రార్థన మీరు చూసే ఉంటారు. మీ పై హాల్లోని పిల్లలు చేసేది దానికి దగ్గరి చుట్టమే.

హాలు ఖాళీ చేయించకండి. అగ్రిమెంటు కాగితం, వాళ్ల పాస్‌పోర్టు, వీసా కాపీలు, విదేశీయుల అద్దెకు కావాల్సిన పోలీసు సమాచారం సక్రమంగా ఉంచుకోండి, అది మీకూ వాళ్లకూ రక్షణ. పోరుపెట్టే పక్కింటివాళ్లను ఒక ఆదివారం మీతోపాటు పైకి తీసుకెళ్లండి.

ప్రశ్న: మేం తెలుగు లూథరన్లం. అలాంటి ఆరాధనకు మేం వెళ్లొచ్చా, రానిస్తారా? (భార్యాభర్తలు, కమ్మనహళ్లి)

జవాబు: నిక్షేపంగా. చాలాచోట్ల ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో సాగుతుంది, ముందు ఒకసారి ఎవరినైనా కనుక్కోండి. వీడియోలు తీయకండి. మన చర్చి గంటన్నరలో అయిపోతుంది కదా అని మధ్యలో లేవకండి, వాళ్లకు అది ఆలస్యం కాదు. చివర్లో అందరికీ అన్నం పెడతారు, కూరలో కారం మనకంటే ఏమీ తక్కువ ఉండదు. పిల్లలుంటే తీసుకెళ్లండి.